చెంచాడు పసుపు

పదకొండింటికి వస్తామంది నజ్మీన్. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు. ఈలోపు ఈ అంబాసిడర్ రేడియేటర్ని కిందికి దింపాలి, దింపి అందులో ఏముందో అందరికంటే ముందు నేను చూడాలి. ఆరేళ్ళుగా మూసి ఉన్న బానెట్ ఎత్తితే కీచుమంది. లోపల ఎలుకల వాసన, ఎండిన రబ్బరు వాసన. నిన్న సాయంత్రం ఫోన్లో ఆ పిల్ల, "అంకుల్, నేను పేట నుంచి, రేడియేటర్ మెకానిక్ ఇమాం హుస్సేన్ గారి అమ్మాయిని" అనగానే పెట్టేయాల్సింది. పెట్టలేదు. "నాన్నకి షుగరు కళ్ళకొచ్చింది అంకుల్. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. ఆ రేడియేటర్ ఒక్కసారి చేతికి తగిలితే చాలంటున్నాడు. రోజూ అదే మాట. రేపు తీసుకొస్తాను, నాన్నే దింపుకుంటాడు, మీరేం చెయ్యక్కర్లేదు" అంది. నాకు ఒళ్ళు మండింది. రమ్మను, వచ్చి తన పనితనం తనే తడుముకొని చూసుకోమను, అతను దింపేదేమిటి, నేనే దింపి పెడతాను అన్నాను. నోరు. ఎప్పుడూ నా నోరే. ఫోన్ పెట్టేశాక కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎందుకు దిగలేదో తెలుసు, తెలియనట్టు కంచం పక్కకి తోశాను. గుడ్డివాడు ఏం చూస్తాడు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, పక్కన కూతురుంటుంది. కూతురికి కళ్ళున్నాయి.

రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేశాను. ఎందుకు వేశానో. ఆరేళ్ళుగా చల్లగా పడి ఉన్న ఇంజను మీద తడిగుడ్డ. చెయ్యి దానంతటదే వేసింది. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ఇంకా ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. ఆ రోజు యడ్లపాడు దాటాక హైవే పక్కన గుడ్డ లేకుండా ఈ మూతే తిప్పాను. ఆ చెయ్యి చూపించి చెప్పాను అందరికీ. శవం ఇంట్లో ఉండగా చెప్పాను, పదకొండో రోజు భోజనాల దగ్గర చెప్పాను, పిండాలు పెడుతూ కూడా పంతులుకి చెప్పాను. ఇమాం హుస్సేన్ రేడియేటర్ కడిగానని చెప్పి చెత్తంతా లోపలే ఉంచి మూసి ఇచ్చాడు, నడిరోడ్డు మీద కారు మరిగిపోయింది, గుండెనొప్పితో ఉన్న నా భార్య సుబ్బరావమ్మ వెనక సీట్లోనే పోయింది. గుంటూరులో డాక్టరు చెయ్యి పట్టుకు చూసి ఒక్క మాటే అన్నాడు, ఒక అరగంట ముందు తెచ్చుంటే అని. ఆ అరగంట ఎవడు తిన్నాడు? ఇమాం హుస్సేన్ తిన్నాడు. ఆరేళ్ళుగా ఈ మాటలో ఒక్క అక్షరం మార్చలేదు. మూత తిరిగింది. లోపల చీకటి. వేలు పెడితే నీళ్ళు తగల్లేదు, మెత్తగా ఏదో తగిలింది. వేలు బయటికి తీసి చూడకుండానే పంచెకి తుడిచేశాను. అందరికంటే ముందు చూడాలన్నవాణ్ణి, నా వేలు నేను చూసుకోలేదు. ఒక చెంచాడు పసుపు వేసిన మాట నిజమే. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సినంత సంగతి కాదు కనుక. చిల్లుపడ్డ రేడియేటర్లో చెంచాడు పసుపు వెయ్యని డ్రైవరు ఈ చుట్టుపక్కల ఉన్నాడా? నీళ్ళతో కలిసి చిల్లు దగ్గరికి పోయి పేరుకుంటుంది, కారడం ఆగుతుంది. లారీవాళ్ళు వేస్తారు, ట్రాక్టరువాళ్ళు వేస్తారు. చెంచాడు పసుపు మనిషిని చంపదు.

నీలం టబ్బు కింద పెట్టి, గోనెపట్టా పరుచుకొని వెల్లకిలా దూరాను. సుబ్బరావమ్మ బట్టలు నానబెట్టే టబ్బు. అంచు ఒకచోట విరిగితే తీగతో కుట్టింది, ఆ కుట్టు ఇంకా ఉంది. ఈ వయసులో కారు కిందికి దూరడం తేలిక, బయటికి రావడమే కష్టం. రేడియేటర్ అడుగున చిన్న ఇత్తడి ట్యాపు. చేత్తో కదల్లేదు. ప్లయరుతో పట్టి తిప్పితే ముందు మొండికేసి, తర్వాత ఒక్కసారిగా వదులైంది. ఒక చుట్టు, రెండు చుట్లు, నాలుగు. నీళ్ళు రాలేదు. ఒక్క చుక్క రాలేదు. ఎండిపోయి ఉంటాయిలే అనుకున్నాను. ఇంజనులో నీళ్ళు ఉండాలి, ఎక్కడికి పోతాయి అని కూడా అనుకున్నాను. ఇనప తీగ పొడిచాను. తీగ లోపలికి పోలేదు, గోడకి గుచ్చినట్టు ఆగింది. ఈ కారు పొన్నూరులో బియ్యం మిల్లాయన దగ్గర కొన్నాను, ఎనభై నాలుగు మోడలు, మీగడ రంగు. తెచ్చి గేటు ముందు ఆపితే, "దిగకండి, అక్కడే ఉండండి" అని లోపలికి పరిగెత్తింది సుబ్బరావమ్మ. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపింది, తాంబూలం సున్నం కాస్త వేసి వేలితో తిప్పింది. పచ్చటి నీళ్ళు చూస్తూ ఉండగానే ఎర్రబడ్డాయి. ఆ ఎర్రనీళ్ళు కారు చుట్టూ, నా చుట్టూ మూడుసార్లు దిగదుడిచి రోడ్డు మీద పారబోసింది. కారుకి తియ్యవే, నాకెందుకు అంటే, "కారునెవరు చూస్తారు, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డ మిమ్మల్ని చూస్తారు గానీ" అంది. కోపం రావాల్సిన మాట. రాలేదు ఆ రోజు. ఆ తర్వాత చాలా మాటలకి వచ్చింది.

"ఏరా చలమయ్యా, కారు కింద నువ్వున్నావా, కారు నీ మీదుందా?"

గోడ అవతల నుంచి యలమందయ్య. పక్కింటివాడు, నాతోపాటే ఏడో తరగతి తప్పినవాడు. వాడికి నా కాళ్ళు మాత్రమే కనపడుతూ ఉంటాయి.

"రేడియేటర్ దింపుతున్నా."

"ఇప్పుడెందుకురా? అమ్మేస్తున్నావా ఏంటి?"

"ఇమాం హుస్సేన్ వస్తున్నాడు."

తర్వాత వాడి దగ్గు.

"ఆ పేట సాయిబా? నీ గడపలోకా? కత్తిపీట దాచమంటావా, బయట పెట్టమంటావా?"

"పోయి నీ పని చూసుకోరా."

"నాకేం పని, మిరపకాయలన్నీ ఏసీ గోడౌన్లో పెట్టొచ్చా, ధర లేకపోతే చల్లగానన్నా ఉంటాయని. ఒరేయ్, వాడి ముందు పడేసి గట్టిగా అడుగు. భయపడమాక. ఊరంతా నీ వైపే గదరా."

ఊరంతా నా వైపే. ఊరు నా వైపు లేకపోతే ఈ రోజు తేలిగ్గా ఉండేది. గడియారం చూడ్డానికి తల ఎత్తితే నుదురు ఇనుముకి కొట్టుకుంది. పది ఇరవై.

ట్యాపులోంచి నీళ్ళు రాకపోతే కింది హోస్ పైపు తియ్యాలి. దానికి ఒక క్లిప్పు, క్లిప్పుకి స్క్రూ, స్క్రూ తుప్పు. కిరసనాయిలు చుక్క వేసి కాసేపు ఆగాలి. ఆగడమంటే నాకు పడదు, ఎప్పుడూ పడలేదు. ఇమాం హుస్సేన్ ఆగేవాడు. టీవీఎస్ బండి మీద కాళ్ళ మధ్య ఈ రేడియేటర్ పెట్టుకొని పేట నుంచి పన్నెండు కిలోమీటర్లు తెచ్చి, ఇదే చోట కూర్చొని బిగించాడు. బోల్టు బోల్టుకీ నూనె చుక్క, ఒక మాట. సుబ్బరావమ్మ చెంబుతో మజ్జిగ ఇస్తే, అక్కయ్యా ఉప్పు సరిగ్గా పడింది అన్నాడు. పైన కొత్తగా టంకం మాటు వేశాను, లోపల గొట్టాలన్నీ చువ్వలు పెట్టి కడిగాను, వారం వాడి చూడండి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే తీసుకురండి, ఇంకో మాటు వేస్తాను అన్నాడు. బండెక్కాక మళ్ళీ దిగి వచ్చాడు. "చిల్లు చిన్నదే గదా అని పసుపు మాత్రం వెయ్యొద్దు చలమయ్య గారూ. మీ బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు. పసుపు పడిందంటే సిమెంటే." సరేలేవయ్యా అన్నాను. నాకు చెప్పేవాడా ఇతను, నలభై ఏళ్ళ నుంచి స్టీరింగ్ పట్టినవాడికి అని కూడా అనుకున్నాను. నాలుగో రోజు చెమ్మ కనిపించింది. మాటు దగ్గర కాదు, కింద వేరే చోట, సూదిమొనంత. అప్పటికి కళ్లంలో మిరపకాయలు నెత్తురు పరిచినట్టు ఉన్నాయి, సముద్రం వైపు మబ్బు పట్టింది, పట్టాలు కప్పాలి, మనుషులు దొరకరు. పేట పన్నెండు కిలోమీటర్లు. పన్నెండే. "ఏమేవ్, పసుపు తేవే" అన్నాను. చెంచాతోనే తెచ్చింది, అది నిజం. ఇది ఏమూలకి అన్నాను. చెంచా ఒకటి వేశాను, తర్వాత ఇంకొంచెం. చెంచాడు అన్నానా ఇందాక? రెండు గుప్పెళ్ళు అయి ఉంటుంది. గుప్పెడు ఎంత, ఆడవాళ్ళ గుప్పెడా మగవాళ్ళ గుప్పెడా, ఆరేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది. ఆమె ఆ డబ్బా పట్టుకొని నిలబడి ఎగశ్వాస తీస్తోంది. "ఆయాసంగా ఉందండీ నాలుగు రోజుల్నుంచి, గుంటూరు పోయి చూపించుకొద్దామా?" అంది. మిరపకాయల ఘాటే అది, కళ్లం చుట్టూ అందరూ దగ్గుతున్నారు, నీకొక్కదానికేనా, కాయలు టిక్కీ బస్తాలకెత్తి పంపాక వెళ్దాం అన్నాను. ఘాటే. ఘాటని నిజంగానే అనుకున్నాను.

స్క్రూ తిరగడం లేదు, దాని గాడి అరిగిపోయింది. బ్లేడు తీసుకొని రబ్బరు పైపునే కోస్తున్నాను. మొద్దుబారిన చర్మంలా ఉంది. కొంచెం కొంచెం తెగుతోంది. ఇలాగే వెల్లకిలా పడుకొని చూశాను ఆ రోజు కూడా, హైవే పక్కన, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో, కింద నుంచి ఏమన్నా కారుతోందేమోనని. ఏమీ కారడం లేదు. కారకపోతే ఎందుకు మరిగిందో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పుకున్నాను. బానెట్ ఎత్తి, నీళ్ళు పోద్దామని మూత తిప్పితే చెయ్యి కాలింది. వెనక సీట్లో ఆమె పచ్చ మంగళగిరి చీర కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది, నొప్పి బయటికి వినపడకుండా. నూటఎనిమిదికి ఫోన్ చెయ్యలేదు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు యలమందయ్య చెయ్యమన్నాడు, నేనే వద్దన్నాను. ఇంట్లో కారుండగా అంబులెన్సేమిటి. లారీలు పోతున్నాయి, బస్సులు పోతున్నాయి. పత్తి మిల్లు వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ముప్పై ఏళ్ళవాడు, ఎవరో తెలియదు, తలకి కండువా. "పెద్దాయనా, అమ్మని ట్రాలీలో పడుకోబెట్టండి, పత్తి ఉంది మెత్తగా, టోల్‌గేటు దగ్గర ఆటో ఎక్కిస్తా" అన్నాడు. ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. "ఏవండీ, ఎక్కుదామండీ" అంది. ఉండవే, పది నిమిషాల్లో చల్లబడుతుంది అన్నాను. ట్రాక్టరువాడు ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు. పది నిమిషాలు. మళ్ళీ పది నిమిషాలు. బానెట్ పక్కన నిలబడి ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను, జ్వరం చూసినట్టు. ఇంజను మీద. ఆమె మీద కాదు.

రబ్బరు తెగింది. నీళ్ళు ఒక్కసారిగా మొహం మీద పడ్డాయి, ముక్కులో, నోట్లో. ఉమ్మి, కళ్ళు తుడుచుకొని టబ్బులోకి చూశాను. ఎరుపు. ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు, చిక్కగా, ఇంకా వస్తున్నాయి. తుప్పు! నేను చెప్పలేదూ! ఇనుము తుప్పు, ఎప్పటిదో తుప్పు, కడిగానన్నవాడు కడగలేదు. కారు కింద పడుకొనే నవ్వాను. గట్టిగానే నవ్వి ఉంటాను, గోడ అవతల కోళ్ళు అరిచాయి. నిన్న సాయంత్రం నుంచి నాకు నేనే ఎంత పిరికిమందు పోసుకున్నాను. రానీ. టబ్బు ముందు కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకొని ఇందులో ముంచుతాను. ఇది ఏమిటో చెప్పు హుస్సేనూ అంటాను. అప్పుడేమన్నాడు? పెద్దకర్మ అయిన మర్నాడు, శుక్రవారం, నేను పేట వెళ్ళాను. మసీదు పక్కనే అతని షాపు. నమాజు అయి జనం బయటికి వస్తున్నారు, టీ బంకు దగ్గర పదిమంది ఉన్నారు. షాపు ముందు నిలబడి నా ఆడదాన్ని చంపావు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను తల మీద టోపీ తియ్యకుండా, చేతిలో టంకం కడ్డీ పట్టుకొని, వింటూ నిలబడ్డాడు. "ఆ రేడియేటర్ దింపి నా ముందు పెట్టండి చలమయ్య గారూ. నా తప్పయితే ఈ కడ్డీ మళ్ళీ ముట్టను" అన్నాడు. ఒక్క మాట. నేను పెట్టలేదు. కారు షెడ్డులోకి తోసి గొలుసు వేశాను. మా ఊరివాళ్ళు అటు పోవడం మానేశారు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా. షాపు ఎప్పుడో మూశాడని విన్నాను. విన్నప్పుడు మజ్జిగ తాగుతున్నాను, చెంబు దించకుండా తాగాను. రేడియేటర్ ఎందుకు దింపలేదని ఎవరూ అడగలేదు. ఊరంతా నా వైపే.

బోల్టులు నాలుగు, అటు రెండు, ఇటు రెండు. మూడు వచ్చాయి, నాలుగోది తల విరిగింది. పై పైపు తేలిగ్గానే వచ్చింది. పది నలభై. రెండు చేతులా పట్టుకొని పైకి లాగాను. రాలేదు. కాలు బంపర్ మీద ఆనించి లాగితే విరిగిన బోల్టు దగ్గర రేకు చిరిగి ఊడింది, నేను వెనక్కి పడబోయాను. ఇంత బరువా? ఇమాం హుస్సేన్ ఒంటి చేత్తో పట్టుకొచ్చింది ఇదే. ఖాళీది, నీళ్ళు పోయినది, ఇంత బరువెందుకుంది? నడుము పట్టేసింది. పొట్ట మీద ఆనించుకొని నాలుగడుగులు మోసి గోనెపట్టా మీద దించాను. దించేటప్పుడు వాలింది, కింది గొట్టంలోంచి జామకాయంత మట్టిగడ్డ దొర్లి పడింది. ఎర్రటి గడ్డ. తుప్పే. తుప్పు గడ్డ కడుతుందా? కాలి బొటనవేలితో తోశాను. చెయ్యి వద్దంటూనే ఉంది, వంగి తీసుకొని రెండుగా విరిచాను.

పైన ఎరుపు. మధ్యలో పచ్చన. మీగడలా, ఉడికించిన గుడ్డు సొనలా, ఆరేళ్ళయినా పచ్చన. వాసన. పసుపు ఉడకబెట్టిన వాసన, సుబ్బరావమ్మ దుగ్గిరాల నుంచి కొమ్ములు తెప్పించి తనే ఎండబెట్టి మర పట్టించేది, ఆ వాసన. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. ఆడపిల్లలకి కూడా తెలుసు. నా కళ్ళ ముందే పళ్ళెంలో వేలు పెట్టి తిప్పింది, నా చుట్టూ మూడుసార్లు తిప్పింది, ఎర్రనీళ్ళు ఎలా వస్తాయో నాకు తెలుసు. మా బోరు నీళ్ళకి గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, అదీ తెలుసు. టబ్బులోది తుప్పు కాదు. రెండు గుప్పెళ్ళకి ఇంత గడ్డ కట్టదు. ఎంత వేశానో నాకు తెలుసు. చెంచా ఆమె చేతిలో ఉంది, ఇది ఏమూలకి అని, ఆమె చేతిలోంచి పాలపొడి డబ్బా లాక్కొని, మూతి దగ్గర పెట్టి వంచి అడుగు తట్టాను. ముందు రోజే మర పట్టించి నింపింది, అంచు దాకా ఉంది. "అయ్యో, అంతా పోస్తారేంటండీ, ఏ పెళ్ళికి?" అంది. నవ్వుతూనే అంది, ఆయాసపడుతూ నవ్వింది. వారం అంతా గడపకి రాయడానికి లేక పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంది. కారడం ఆగింది కదా, చూశావా అన్నాను నేను.

పది నలభై ఐదు. కరెంటు ఉంది. మోటారు వేశాను. పైపు లాక్కొచ్చి పై మూతిలో పెట్టి నీళ్ళు వదిలాను. కడిగేస్తే సరి. కడిగి, గడ్డ పెంటలో పారేసి, తుప్పు అంటే తుప్పు. నీళ్ళు లోపలికి పోలేదు. మూతి దాకా నిండి తిరిగి నా మీదికే చిమ్మాయి. గొట్టాలన్నీ బిగుసుకుపోయాయి. సన్న చువ్వ తెచ్చి ఒక గొట్టంలో పొడిచాను, వేలెడు దూరం పోయి ఆగింది. సిమెంటే అన్నాడు. ఇలాంటి గొట్టాలు వంద ఉంటాయేమో. వందా చువ్వలు పెట్టి కడిగాను అన్నాడు. పాతసామాన్లవాడికి వేసేశానని చెప్పొచ్చు. దింపుతానని నిన్ననే చెప్పాను. పత్తికట్టె వామిలో దాచొచ్చు. ఈ బరువు మోసుకొని అక్కడిదాకా పోగలనా? చేతులు చూసుకున్నాను, గోళ్ళ కింద పచ్చన. మట్టితో రుద్దాను. వదల్లేదు. మోటారు ఆపాను. మంచితనం వల్ల కాదు. ఆరేళ్ళు గట్టిపడింది పావుగంటలో పోదు, అందుకని ఆపాను.

స్కూటీ ఆగింది. ఇంకా పది నిమిషాలుంది. ముందే వచ్చారు.

"జాగ్రత్త నాన్నా, మెట్టు."

"తెలుసమ్మా. ఇక్కడ కూర్చొనే మజ్జిగ తాగాను."

చిక్కిపోయాడు. అదే టోపీ, కింద మొహం సగమైంది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, కాలితో నేల తడుముతూ షెడ్డు దాకా వచ్చాడు. నజ్మీన్ నాకు నమస్కారం పెట్టింది, కళ్ళు మాత్రం అప్పటికే గోనెపట్టా మీదున్నాయి.

"చలమయ్య గారూ, ఉన్నారా?"

"ఉన్నాను."

"దింపారా?"

"నీ ముందే ఉంది."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళు పై అంచు వెంట పోయాయి, ఒకచోట ఆగాయి, వెనక్కి వచ్చి మళ్ళీ ఆగాయి. "ఇది నేను వేసిన టంకం మాటే. గట్టిగానే ఉంది" అన్నాడు, నాతో కాదు. తర్వాత కిందికి పోయాయి, కోసిన గొట్టంలో దూరాయి. బయటికి తీస్తే బురద. వేలు వేలితో నలుపుకున్నాడు.

"ఏం రంగు?"

నజ్మీన్ వంగింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పమాకమ్మా. ఆయన చెప్తాడు."

"ఎరుపు" అన్నాను. అబద్ధం కాదు.

"తుప్పు ఎరుపా?"

విరిగిన గడ్డ నా పాదం పక్కనే ఉంది, పచ్చటి వైపు పైకి. కాలు జరిపి దాని మీద వేశాను. నజ్మీన్ చూసింది. గడ్డనీ చూసింది, కాలునీ చూసింది, తర్వాత నా మొహం చూసింది. నోరు విప్పలేదు. నా కోసం కాదు, తండ్రి చెప్పొద్దన్నాడు కనుక.

ఇమాం హుస్సేన్ వేళ్ళు వాసన చూడలేదు. చూస్తే తెలిసిపోయేది, చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "మిమ్మల్ని గెలవడానికి రాలేదండీ. షాపు పోయింది, అది మళ్ళీ రాదు. ఈ కళ్ళు పోయాక నాకే అనుమానం పట్టుకుంది. ఆ రోజు నిజంగా కడిగానా, కడిగాననుకున్నానా? అన్ని గొట్టాల్లో చువ్వ పెట్టానా, కొన్ని వదిలేశానా? మజ్జిగ పోసిన తల్లి. రాత్రీ పగలూ లెక్కపెడుతుంటా గొట్టాలు. లెక్క తేలక ముందే మళ్ళీ మొదలు. తుప్పయితే తుప్పని చెప్పండి, మోసుకుపోతాను. ఏం రంగండీ?"

గోడ మీద కాకి వాలి లేచింది. నాకు ఒకటే తోచింది. ఇతనూ ఆరేళ్ళుగా ఆ రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. నేను నిలబెట్టాను.

కాలు తీశాను.

"లోపల పసుపు" అన్నాను.

ఒళ్ళో చేతులు మళ్ళీ రేడియేటర్ మీద పెట్టి, "ఎంత?" అన్నాడు.

చెంచాడు, నాలుక చివరికి వచ్చింది. ఆరేళ్ళు అక్కడే ఉన్న మాట, అలవాటైన మాట. మింగాను.

"డబ్బా. పాలపొడి డబ్బా. నిండుగా ఉన్నది."

అతను ఊపిరి వదిలాడు, లోపల ఎక్కడో ట్యాపు వదులైనట్టు. కళ్ళు తుడుచుకోబోయి చేతికి బురద ఉందని ఆగాడు. నజ్మీన్ కొంగుతో తుడిచింది. నన్ను తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది. లేచి, కూతురి భుజం వెతుక్కొని పట్టుకొని, "నన్ను అన్నది పదిమందిలో చలమయ్య గారూ. మసీదు ముందు" అన్నాడు.

"గుర్తుంది."

"ఇవాళ శుక్రవారం."

అందుకే ఈ రోజు ఎంచుకున్నాడు. లేదా ఎంచుకోలేదో, నాకు తెలియదు. తీగ మీద ఆరేసిన చొక్కా తీసి తొడుక్కున్నాను, గుండీలకి పచ్చ మరకలు అంటుకున్నాయి. "స్కూటీ మీద ముగ్గురం పట్టం అంకుల్, రేడియేటర్ కూడా ఉంది, ఆటో పిలుస్తా" అని నజ్మీన్ ఫోన్ తీసింది. గొంతులో జాలి లేదు. మంచిదే. పసుపు సంగతి అక్కడ చెప్తాను. ట్రాక్టరు సంగతి ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు, ఆ కండువా కుర్రాడికి తప్ప. పసుపు చెప్పి అది దాచుకుంటే మళ్ళీ చెంచాతో కొలిచి చెప్పినట్టే.

"ఏరా, తేలిందా?" గోడ మీద యలమందయ్య తల. ఎప్పటి నుంచి ఉన్నాడో. "ఏమంటాడు సాయిబు?"

పదిమందిలో మొదటివాడు వీడు. నా వైపు ఉన్నవాడు.

నోరు తెరిచాను.